గాంబియా వెళ్లాలంటే... మీరడిగినవి, నాకు తెలిసినవి

కాకినాడ రేవు నుంచి పశ్చిమ ఆఫ్రికాకు వెళ్లే బియ్యం ఓడల గురించి క్రితం సంచికలో రాసినప్పుడు గాంబియా పేరు ఒక్క పేరాలో వచ్చి వెళ్లిపోయింది. ఆ ఒక్క పేరాకే ఇన్ని ఉత్తరాలొస్తాయని ఎవరూ అనుకోలేదు. సగం మంది ‘వెళ్లి చూడొచ్చా’ అని, మిగతా సగం ‘అసలు అలాంటి దేశం ఉందా’ అని అడిగారు. ఓడల్లో బియ్యం తనిఖీ చేసే సర్వేయరుగా గాంబియాలోని బాంజుల్ రేవులో కొన్నాళ్లు పనిచేశాను కదా అని ఎడిటర్‌గారు ఈ ఉత్తరాల కట్ట తెచ్చి నా మీద పడేశారు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను. పేర్లు వేయలేదు, ఊళ్లు మాత్రం వేశాను.

పటంలో ఎంత వెతికినా నది గీత తప్ప దేశం కనబడలేదండి. అంత చిన్నదా? (నరసాపురం)

మీరు చూసిన నది గీతే దేశమండి. ఆఫ్రికా పటంలో పడమటి అంచున సెనెగల్ ఉంటుంది, దాని కడుపులోకి సముద్రం వైపు నుంచి సన్నటి పాయ ఒకటి దూరినట్టు కనిపిస్తుంది. అదే గాంబియా. ఆఫ్రికా ప్రధాన భూభాగంలో అన్నిటికన్నా చిన్న దేశం, విస్తీర్ణం సుమారు 11,300 చదరపు కిలోమీటర్లు. జిల్లాలు విడగొట్టకముందు మన తూర్పు గోదావరి 10,800 ఉండేది, ఇంచుమించు అంతే అన్నమాట. జనం మాత్రం మనలో సగం కూడా లేరు. 2024 లెక్కల ప్రకారం 24 లక్షల చిల్లర, మన పాత జిల్లాలో 2011కే 51 లక్షల మందిమి. పొడవు మూడు వందల కిలోమీటర్ల పైమాటే, వెడల్పు మాత్రం ఎక్కడ కొలిచినా యాభై దాటదు. నది గినీ దేశంలోని ఫూటా జలాన్ కొండల్లో పుట్టి 1,120 కిలోమీటర్లు నడిచి అట్లాంటిక్‌లో కలుస్తుంది, కలిసే చోటే రాజధాని బాంజుల్. 1816లో ఇంగ్లీషువాళ్లు బాథర్స్ట్ అని కట్టిన ఊరు అది, 1973లో పేరు మార్చారు. స్వాతంత్ర్యం 1965 ఫిబ్రవరి 18న వచ్చింది.

ఒక దేశం మధ్యలో ఇంకో దేశం ఇలా ఎలా దూరిందండి? ఎవరైనా బుద్ధి ఉన్నవాళ్లు ఇలా సరిహద్దు గీస్తారా? (యానాం)

ఈ ప్రశ్న యానాం నుంచే రావాలి మరి! మీ ఊరి కథనే తిరగేస్తే గాంబియా అవుతుంది. మీకు చుట్టూ ఇంగ్లీషువాళ్లు, మధ్యలో ఫ్రెంచివాళ్లు. అక్కడ చుట్టూ ఫ్రెంచివాళ్లు, మధ్యలో నదిని పట్టుకు కూర్చున్న ఇంగ్లీషువాళ్లు. ఇంకా చిత్రమేంటంటే ఆ ఇంగ్లీషు నది ఒడ్డున కూడా ఆల్బ్రెడా అనే ఫ్రెంచివాళ్ల వర్తక స్థావరం ఒకటుండేది, 1857లో గానీ వదల్లేదు. తర్వాత 1860, 70లలో ఫ్రాన్సు ‘ఈ నది మాకివ్వండి, ఆఫ్రికాలో ఇంకోచోటు మీరు తీసుకోండి’ అని బేరం పెట్టింది గానీ తెగలేదు. చివరికి 1889లో పారిస్‌లో కూర్చుని నదికి అటు పది, ఇటు పది కిలోమీటర్లు లెక్కన గీసేశారు. నదిలో ఓడ మీంచి ఫిరంగి పేల్చి గుండు పడ్డంత మేర సరిహద్దు పెట్టారని అక్కడ అందరూ చెప్తారు, వినడానికి బావుంటుంది గానీ కట్టుకథే.

గీత గీసిన వాళ్లు వెళ్లిపోయారు, తలనొప్పి మిగిలింది. రెండు పక్కలా అవే మండింకా, వోలోఫ్, ఫులా తెగల కుటుంబాలు, అవే పెళ్లి సంబంధాలు, ఆఫీసుకెళ్తే మాత్రం ఇటు ఇంగ్లీషు, అటు ఫ్రెంచి. 1982లో రెండు దేశాలూ కలిసి సెనెగాంబియా అని సమాఖ్య పెట్టుకున్నాయి, 1989లో విడిపోయాయి. సెనెగల్ ఉత్తరం నుంచి దక్షిణానికి పోయే లారీ గాంబియా దాటాలంటే ఫరాఫెన్ని దగ్గర ఫెర్రీ కోసం రోజులు కూడా పడిగాపులు కాయాల్సి వచ్చేది. 2016లో ఫెర్రీ, సరిహద్దు రుసుముల గొడవలో నెలల తరబడి సరిహద్దు రాకపోకలే ఆగిపోయాయి. 2019 జనవరిలో అక్కడ వంతెన తెరిచారు. నది దాటడానికి ఇన్నేళ్లు పట్టిందా అని నవ్వుకోబోయేముందు, మన దగ్గర ఎన్ని రేవుల్లో ఇంకా పంటు మీద బండ్లు దాటిస్తున్నామో గుర్తు తెచ్చుకోండి.

ఆఫీసు పని మీద రెండు వారాలు వెళ్లాలి. టిక్కెట్టు, వీసా, టీకాలు... టెన్షన్‌గా ఉంది. (కాకినాడ)

మనకు నేరుగా విమానం లేదు. ఇస్తాంబుల్ మీదుగా గానీ, కాసాబ్లాంకా మీదుగా గానీ, బ్రస్సెల్స్ మీదుగా గానీ వెళ్తారు. లేదంటే సెనెగల్ రాజధాని డాకర్‌లో దిగి రోడ్డు మీద కూడా రావచ్చు, అలా అయితే సెనెగల్ వీసా సంగతి కూడా ముందే కనుక్కోవాలి. గాంబియా హైకమిషన్ ఢిల్లీలో ఉంది, వీసా రూల్సు ఎవరో బంధువు చెప్పింది నమ్మకుండా వాళ్లనే అడగండి. అక్కడ మనకి పూర్తిస్థాయి రాయబార కార్యాలయం లేదు, డాకర్‌లోని భారత ఎంబసీయే గాంబియా వ్యవహారాలు కూడా చూస్తుంది. ఆ ఫోన్ నంబరు వెళ్లేముందే కాగితం మీద రాసుకోండి, ఫోన్ పోతే అందులో ఉన్న నంబరూ పోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం ఎల్లో ఫీవర్ టీకా. చాలామంది ఇది అక్కడి వాళ్ల కోసం అనుకుంటారు, అసలు చిక్కు తిరిగొచ్చేటప్పుడు. టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డు లేకుండా గాంబియా నుంచి మన ఎయిర్‌పోర్టులో దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే రూలుంది. కార్డు టీకా వేయించుకున్న పది రోజులకి గానీ చెల్లదు, తర్వాత మాత్రం జీవితాంతం చెల్లుతుంది. ఎక్కడ పడితే అక్కడ వేయరు, గుర్తింపు ఉన్న కేంద్రాల్లోనే. హైదరాబాద్‌లో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అందరికీ తెలిసిందే. ముందే ఫోన్ చేసి వెళ్లండి, అన్ని రోజులూ వేయరు.

మలేరియా మాత్రం తేలిగ్గా తీసుకోకండి. అక్కడ వచ్చేది ఎక్కువగా ఫాల్సిపారం రకం, మెదడుకెక్కేది. ‘చిన్నప్పటి నుంచి దోమల్లోనే పెరిగాం, మనకేం కాదు’ అనే గోదావరి ధీమా అక్కడ పనికిరాదు. డాక్టరుని అడిగి నివారణ మాత్రలు ముందు నుంచే మొదలుపెట్టి, వచ్చాక కూడా చెప్పినన్నాళ్లు వాడండి. తిరిగొచ్చాక జ్వరం వస్తే గాంబియా వెళ్లొచ్చానని డాక్టరుకి మొదటి మాటగా చెప్పండి.

మీరు దిగే బాంజుల్ విమానాశ్రయానికి ఓ గొప్ప ఉంది. ఎగిరిన స్పేస్ షటిల్ మధ్యలో మొరాయిస్తే అట్లాంటిక్ అవతల దించడానికని నాసా 1980ల చివర్లో ఆ రన్‌వేని బాగుచేయించింది. షటిల్ ఒక్కటీ దిగలేదు, రన్‌వే మాత్రం బ్రహ్మాండంగా మిగిలింది.

మా ఇంట్లో నీసు ముట్టమండి. అబ్బాయి అక్కడికి రమ్మంటున్నాడు, ఏం తిని బతకాలి? (పాలకొల్లు)

అమ్మా, ముందు నిజం చెప్తాను. అక్కడ శాకాహారం అంటే ‘మాంసం తక్కువ వేశాం’ అని అర్థం చేసుకుంటారు. ముక్క తీసేసినా కూరలో ఎండుచేప పొడో, స్టాక్ క్యూబో పడే ఉంటుంది. కాబట్టి పొడులు, పచ్చళ్లు, చిన్న కుక్కరు పట్టుకెళ్లండి, బియ్యం గురించి మాత్రం దిగులొద్దు. వాళ్లు ఎక్కువగా తినేది అన్నమే. అందులోనూ నూకలంటే ఇష్టం, మనం ఉప్మాకో జావకో వాడే నూకని వాళ్లు కావాలని కొనుక్కుని పండగ వంట చేస్తారు. 2022 సెప్టెంబరులో మన ప్రభుత్వం నూకల ఎగుమతి ఆపేసినప్పుడు అక్కడ వంటింట్లో గగ్గోలు పుట్టింది, తర్వాత గాంబియా లాంటి దేశాలకి ప్రభుత్వం నుంచి ప్రభుత్వానికి అని కొంత అనుమతిచ్చారు.

ఇప్పుడు మీకు సంతోషం కలిగించే సంగతి. గోంగూర ఉంది! అదే జాతి మొక్క. ఎర్ర గోంగూర కాయల చుట్టూ ఉండే పుల్లటి ఎర్ర రేకలున్నాయి చూడండి, మనం వాటిని పెద్దగా పట్టించుకోం గానీ వాళ్లు ఎండబెట్టి, మరిగించి, పంచదార వేసి, చల్లార్చి వొంజో అనే పానకం చేస్తారు. ముదురు ఎరుపు, నాలిక మీద గోంగూర పులుపు, వెనకాల తీపి. వీధిలో చిన్న ప్లాస్టిక్ సంచుల్లో గడ్డకట్టించి కూడా అమ్ముతారు, మూల కొరికి పీల్చుకోవడమే. ఆకుని ఉడికించి మెదిపి పుల్లటి ముద్దలా చేసి అన్నంలోకి వేసుకుంటారు, చేపతో తినడం వాళ్ల అలవాటు, మీరు మీ పోపు పెట్టుకోండి.

పొద్దున్నే రోడ్డు పక్కన అకరా దొరుకుతుంది, అంటే అలసందల పిండి వడలే. తపలాపా అనే పొడవాటి గట్టి రొట్టె చీల్చి, అందులో నాలుగు వడలు పెట్టి, మీద ఉల్లిపాయల కారం వేసి పాత న్యూస్ పేపర్లో చుట్టిస్తారు. ఆ కారం అడ్డుకోండి, అందులో ఏం కలిపారో చెప్పలేం. వడ మాత్రం మీరు తినొచ్చు. ఏప్రిల్ దాటితే మామిడిపళ్లు, ఎప్పుడైనా అరటి, బొప్పాయి, వేరుశనగ. డొమోడా అని వేరుశనగ ముద్దతో చిక్కటి కూర చేస్తారు, నీసు తినేవాళ్లు అది తినకుండా రాకూడదు. బెనాచిన్ అని బియ్యం, చేప, కూరగాయలు ఒకే గిన్నెలో ఉడికే వంట ఇంకోటి. అది ఒక పెద్ద పళ్లెంలో పోసి చుట్టూ అందరూ కూర్చుని ఎవరి ముందున్నది వాళ్లు తింటారు, ఇంటావిడ మధ్యలో ఉన్న చేపను తుంపి అతిథి వైపు తోస్తుంటుంది. అడుగంటిన మాడు కోసం పిల్లలు పోటీపడతారు. కుడిచెయ్యే వాడాలి, ఆ విషయంలో మనకి ట్రైనింగ్ అక్కర్లేదు.

అక్కడ టీ దొరుకుతుందా? టీ లేకపోతే నాకు తలనొప్పి. (తణుకు)

దొరుకుతుంది, కానీ మీ అర్జెంటు తలనొప్పికి పనికిరాదు. అటాయా అంటారు. బొగ్గుల కుంపటి మీద వేలెడంత నీలి కెటిల్, అందులో చైనా గ్రీన్ టీ, మనకి గుండె ఆగేంత పంచదార, పుదీనా. మరిగాక ఒక చిన్న గ్లాసు నుంచి ఇంకో గ్లాసులోకి ఎత్తి పోస్తూ ఉంటాడు కుర్రాడు, నురగ గ్లాసులో సగం దాకా వచ్చేవరకు, చెయ్యి నొప్పెట్టే దాకా. ఒకే ఆకుతో మూడు వాయిలు, మొదటిది చేదు, పోనుపోను తీపి. మూడూ అయ్యేసరికి గంట పైనే పడుతుంది. రేవులో నా పని ఆగిపోయిందని చిరాకుపడితే హమాలీ మేస్త్రీ ‘ఇది మొదటిదే, రెండోది తాగకుండా లేస్తే ఇంటివాళ్లని అవమానించినట్టు’ అన్నాడు. కూర్చున్నాను. ఓడ ఎక్కడికీ పోలేదు.

పంటు లాంటిది ఉందన్నారు, మా రేవు కన్నా పెద్దదా? (సఖినేటిపల్లి)

బాంజుల్ నుంచి అవతలి ఒడ్డున బార్రాకి వేసే ఫెర్రీ గురించే కదా. నది ముఖం అక్కడ కిలోమీటర్ల వెడల్పు. లారీలు, కార్లు కింద, మనుషులు పైన. పండగ ముందు అయితే మనుషుల కన్నా మేకలెక్కువ. మా ముందు ఒకావిడ నెత్తి మీద చేపల తట్ట, వీపుకి గుడ్డతో కట్టిన పసివాడు, రెండు చేతుల్లో రెండు కోళ్లు పెట్టుకుని ఎక్కేసి, నా దగ్గరికొచ్చి తాపీగా పొద్దుటి పలకరింపులన్నీ అయ్యాక గానీ జరగమనలేదు. టైముటేబుల్ ఉంది, ఇంజను దాన్ని చదవదు. పక్కనే పొడవాటి రంగుల పడవలు కూడా వేస్తుంటారు, త్వరగా పోతాయి గానీ లైఫ్ జాకెట్ సంగతి చూసుకుని ఎక్కండి. నేనైతే ఫెర్రీయే ఎక్కమంటాను.

బానిసల వ్యాపారం జరిగిన ద్వీపం చూడాలని ఉంది. రిటైరయ్యాను, ఇంకేం చూడదగ్గవి ఉన్నాయి? (అమలాపురం)

మాస్టారూ, మీలాంటి వాళ్ల కోసమే ఆ దేశం. నదిలో బాంజుల్‌కి కొంచెం ఎగువన జేమ్స్ ద్వీపం ఉంది, 2011 నుంచి కుంటా కింటే ద్వీపం అంటున్నారు. 1651లో బాల్టిక్ తీరంలోని కోర్లాండ్ ప్రభువు మనుషులు అక్కడ కోట కట్టారు, పదేళ్లకే ఇంగ్లీషువాళ్లు లాక్కున్నారు. నది లోపలి నుంచి తెచ్చిన మనుషుల్ని ఓడలెక్కించే దాకా కట్టిపడేసిన చోటు. 2003లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ పేరు అమెరికన్ రచయిత అలెక్స్ హేలీ 1976లో రాసిన ‘రూట్స్’ పుస్తకం వల్ల వచ్చింది, ఎదురుగా జుఫురే గ్రామం తన పూర్వీకుడు కుంటా కింటేదని అందులో రాశాడు. వంశవృక్షం అంత కచ్చితంగా నిలబడదని చరిత్రకారులు చాలామంది అన్నారు. ఒక మనిషి వివరాలు తేలకపోయినా ఆ నది మీదుగా పోయిన వేలమంది సంగతి అబద్ధం కాదు కదా, అక్కడ గైడు చెప్పే ప్రతి మాటా నోట్ చేసుకోకుండా గోడల్ని చూడండి. ద్వీపం చుట్టూ కోతకు గురై చాలా చిన్నదైపోయింది, లంకల్లో ఏటికోత చూసినవాళ్లకి అది చెప్పక్కర్లేదు. బార్రాలో బుల్లెన్ కోట ఉంది, దాన్ని వ్యాపారం సాగనివ్వడానికి కాదు, 1807లో బ్రిటన్ నిషేధించాక ఆపడానికి కట్టారు. రెండూ ఒకే రోజు చూస్తే ఎదురెదురుగా పెట్టి పోల్చుకోవచ్చు.

చాలామంది ఇక్కడితో ఆగిపోయి సముద్రపు ఒడ్డు హోటల్‌కి వెనక్కొచ్చేస్తారు. నా మాట విని ఎగువకు వెళ్లండి. బాంజుల్ నుంచి దాదాపు 300 కిలోమీటర్లు, జాంజాంబురే అనే నదీద్వీపం మీద చిన్న ఊరు, బ్రిటిష్‌వాళ్లు జార్జ్‌టౌన్ అనేవాళ్లు. అక్కడి నుంచి దగ్గర్లో వాసు రాతి వలయాలు. మనిషెత్తు ఎర్ర లాటరైట్ స్తంభాలు వలయంగా నిలబెట్టి ఉంటాయి, ఇలాంటివి గాంబియా, సెనెగల్ కలిపి వెయ్యికి పైగా, క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం నుంచి క్రీస్తుశకం పదహారో శతాబ్దం దాకా కట్టినవట, కట్టిన వాళ్లెవరో మాత్రం ఇంకా తేలలేదు. కింద సమాధులున్నాయి. వచ్చినవాళ్లు కోరిక కోరుకుని స్తంభం తల మీద చిన్న రాయి పెడతారు. 2006 నుంచి అవీ యునెస్కో జాబితాలో ఉన్నాయి.

అక్కడి నుంచి పడవలో నది మీద వెళ్తే నేషనల్ పార్కు ద్వీపాలు వస్తాయి. పట్టుబడిన చింపాంజీలను తెచ్చి 1979 నుంచి అక్కడ వదిలిపెట్టి పెంచుతున్నారు. దిగనివ్వరు, పడవలోంచే చూడాలి, అదే మంచిది. నీటిగుర్రాలు కూడా ముక్కులు పైకి పెట్టి ఉంటాయి. అందుకే నదిలో దిగి స్నానం అనే ముచ్చట వద్దు, వాటికి తోడు మంచినీటి నత్తల ద్వారా వచ్చే బిల్హార్జియా రోగం ఒకటుంది. దిగువన మాత్రం నీళ్లు ఉప్పు, ఎండాకాలంలో ఆటుపోట్లతో ఉప్పు రెండు వందల కిలోమీటర్ల దాకా ఎగువకి ఎక్కుతుంది, ఒడ్డుల వెంట మైళ్ల కొద్దీ మడ అడవి. మన కోరింగ చూసిన కళ్లకి ఆ వేళ్లు కొత్త కాదు, వేళ్లకి పట్టిన గుల్లల్ని ఏరి బతికే ఆడవాళ్లు మాత్రం కొత్తగా అనిపిస్తారు.

వెళ్లేది నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యే. వాన జూన్ నుంచి అక్టోబరు, ఏప్రిల్, మే నెలల్లో ఎగువన ఎండ మన రెంటచింతలకి తీసిపోదు. రాత్రి రోడ్డు ప్రయాణం పెట్టుకోకండి, లైట్లు లేని గాడిద బండ్లు, రోడ్డు మీద పడుకున్న పశువులు.

పెళ్లయి మూడు నెలలైంది. బీచ్‌ల గురించి చెప్పండి, మిగతావి వద్దు. (భీమవరం)

సరేనమ్మా. కొలోలి, కోటు తీరమంతా రిసార్టులే, 1960ల మధ్య స్వీడన్ వాళ్లు మొదలుపెట్టిన టూరిజం ఇది, చలి నుంచి పారిపోయొచ్చే యూరప్ జనం దీన్ని నవ్వుల తీరం అంటారు. ఇసుక బావుంటుంది, అలలు కింద నుంచి లాగుతాయి, ఎర్ర జెండా ఉంటే నడుము లోతు కూడా వెళ్లకండి. మీకు ఎదురయ్యే అసలు చిరాకు ‘నేను మీ హోటల్లోనే పనిచేస్తా, గుర్తుపట్టలేదా’ అంటూ వెంటపడే కుర్రాళ్లు. దొంగలు కారు, పనిలేని వాళ్లు. నవ్వుతూ వద్దని చెప్పి నడవండి, ఆగి వివరించారంటే మధ్యాహ్నం అయిపోతుంది. నూటికి తొంభై ఐదు మంది ముస్లింలు, బీచ్ బట్టలు బీచ్‌లోనే, ఊళ్లోకి వెళ్తే చున్నీ వేసుకుంటే చాలు. బకావులో కచికలి అనే మొసళ్ల మడుగుంది, మొసలి వీపు మీద చెయ్యేసి ఫొటో దిగనిస్తారు. పిల్లలు లేనివాళ్లు ఆ నీళ్లతో స్నానం చేస్తే సంతానం కలుగుతుందని వాళ్ల నమ్మకం. మూడు నెలలే అంటున్నారు కాబట్టి తొందరేం లేదు.

మా పక్క వీధి ఏజెంటు గాంబియాలో హోటల్ ఉద్యోగం, నెలకు లక్ష అంటున్నాడు. మూడు లక్షలు కట్టమంటున్నాడు. కట్టనా? (రాజోలు)

కట్టకు తమ్ముడూ. అక్కడి కుర్రాళ్లే పని లేక ఎడారి దాటి లిబియాకో, చేపల పడవెక్కి స్పెయిన్‌వాళ్ల కానరీ దీవులకో పోతున్నారు, దారిలో చాలామంది చచ్చిపోతున్నారు. ఇంగ్లీషొచ్చిన సొంత కుర్రాళ్లు ఇంతమంది ఖాళీగా ఉన్నచోట హోటల్లో గ్లాసులు తుడవడానికి రాజోలు నుంచి మనిషిని లక్ష ఇచ్చి ఎందుకు పిలుస్తారు? ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ సైట్‌లో చూడు, లేకపోతే ఇంక మాటే వద్దు. విజిట్ వీసా మీద పంపి ‘వెళ్లాక మారుస్తాం’ అంటే అది కోనసీమలో గల్ఫ్ పేరుతో విన్న పాత పాటే. డబ్బు ఇప్పటికే ఇచ్చి ఉంటే రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు దాచి పోలీసుల దగ్గరికి వెళ్లు.

జీడిపిక్కలు అక్కడి నుంచి తెప్పించొచ్చా? (మోరి)

పశ్చిమ ఆఫ్రికా పిక్కల సంగతి మీ బట్టీలకి నేను చెప్పేదేముంది. గాంబియా పంట కొద్దిదే, పక్క దేశం గినీ బిస్సావ్‌కి మాత్రం జీడే ప్రాణం. సీజన్ ఇంచుమించు ఏప్రిల్ నుంచి జూన్. బాంజుల్ వెళ్తే గోడౌన్‌లో కటింగ్ టెస్ట్ (పిక్కలు కోసి పప్పు చూసే పరీక్ష) మీ ఎదుటే చేయించండి, 80 కేజీల బస్తాకి ఎన్ని పౌండ్ల పప్పు దిగుతుందన్నదే ధర, తేమ మీటరు మీ సొంతది పట్టుకెళ్లండి. వాన మొదలయ్యాక కొన్న సరుకు ఓడలోనే మెత్తబడుతుంది.

చేపల సంగతి? (భీమవరం, ఇంకో పాఠకుడు)

తంజి ఊరి ఒడ్డు సాయంత్రం చూడాలి. రంగుల పడవలు ఒడ్డుకి రాగానే మెడలోతు నీళ్లలోకి మనుషులు పరిగెత్తి నెత్తి మీద తట్టలతో దింపుతారు, వెనక పొగ గదుల్లో బోంగా అనే కవళ్ల జాతి చేప ఎండుతుంటుంది. అయితే గత పదేళ్లలో గుంజూర్, సన్యాంగ్, కార్టాంగ్‌లలో ఫిష్‌మీల్ ఫ్యాక్టరీలొచ్చి జనం తినే ఆ చేపనే మేత పొడి చేస్తున్నాయి. 2017లో గుంజూర్ దగ్గర మడుగు ఎర్రబడి చేపలు చచ్చాయి, ఊరివాళ్లు తిరగబడ్డారు. రొయ్యల చెరువుల జిల్లా కాబట్టి చెప్తున్నాను, మేత బస్తాలో చేప పొడి ఎక్కడో ఒకరి కూర నుంచే వస్తుంది.

ఇండియా మందుల వల్ల పిల్లలు పోయారని చదివాను. అక్కడ మనల్ని ఎలా చూస్తారు? (అమలాపురం, మెడికల్ షాపు)

2022లో కిడ్నీలు పాడై సుమారు 70 మంది పిల్లలు పోయారు, చాలావరకు ఐదేళ్లలోపు వాళ్లు. ఆ అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ హర్యానాలో తయారైన నాలుగు సిరప్‌లలో డైఇథిలీన్ గ్లైకాల్, ఇథిలీన్ గ్లైకాల్ అనే విషాలు ఉన్నాయని హెచ్చరించింది. కంపెనీ కాదంది, మన ప్రభుత్వం ఇక్కడ పరీక్షించిన నమూనాలు బాగానే ఉన్నాయంది, గాంబియా విచారణలు మాత్రం ఆ సిరప్‌ల వైపే చూపించాయి. 2023 జూన్ నుంచి దగ్గు సిరప్ ఎగుమతికి ముందు ప్రభుత్వ ల్యాబ్‌లో పరీక్ష తప్పనిసరి చేశారు. మనిషిగా మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. కానీ ఎవరైనా ఆ మాట ఎత్తితే వాదించకండి, ‘చాలా బాధపడ్డాం’ అనండి, అది నిజం కూడా. పిల్లలతో వెళ్తుంటే మీ మందులు మీరే పట్టుకెళ్లండి, చీటీతో సహా.

అక్కడ ఓటు గోలీలతో వేస్తారంటే మా లెక్చరర్ నమ్మలేదు. (రావులపాలెం)

నమ్మమనండి. 1960ల నుంచి అంతే, 2021 అధ్యక్ష ఎన్నికల్లో కూడా. ఒక్కో అభ్యర్థికి ఒక్కో రంగు డ్రమ్ము, దాని మీద ఫొటో, గొట్టంలో గోలీ వేస్తే లోపల గంట ఒక్కసారి మోగుతుంది, రెండుసార్లు మోగితే దొంగ ఓటన్నమాట. అందుకే పోలింగు కేంద్రం దగ్గర సైకిల్ గంటలు మోగనివ్వరు. లెక్కపెట్టడానికి గుంటలున్న పలకల్లో గోలీలు పేరుస్తారు. ఈ గోలీలతోనే 2016 డిసెంబరులో, 1994లో సైనిక తిరుగుబాటుతో వచ్చి 22 ఏళ్లు కూర్చున్న యాహ్యా జామెను అడామా బారో ఓడించాడు. జామె ముందు ఓటమి ఒప్పుకుని తర్వాత మాట మార్చాడు, పొరుగు దేశాల సైన్యాలు వచ్చి నిలబడ్డాక 2017 జనవరిలో దేశం వదిలాడు. డ్రమ్ములు వచ్చే ఎన్నికల్లో ఉంటాయా అనేది అడక్కండి, ఎన్నికల సంఘానికే వదిలేస్తున్నాను.

కరెన్సీ, కరెంటు, భాష, సిమ్. క్లుప్తంగా చెప్పగలరు. (కొత్తపేట)

దలాసీ, డాలరుకి సుమారు 70, అంటే ఒక దలాసీ మన రూపాయికి కాస్త ఎక్కువ. రూపాయలు మార్చరు, డాలర్లు, యూరోలు తీసుకెళ్లండి. మూడు చదరపు పిన్నుల బ్రిటిష్ ప్లగ్గు, అడాప్టరు ఇక్కడే కొనుక్కోండి. బండ్లు కుడివైపు నడుస్తాయి, రోడ్డు దాటేటప్పుడు రెండు వైపులా చూడటం మర్చిపోకండి. ఇంగ్లీషు చెల్లుతుంది. సిమ్‌కి పాస్‌పోర్టు చూపించాలి. పోలీసుల్ని, సైనికుల్ని, ఎయిర్‌పోర్టుని ఫొటో తీయొద్దు.

ఊళ్లోకి వెళ్తే ఏం పట్టుకెళ్లాలి? ఖాళీ చేతులతో వెళ్లడం బావోదు కదా. (ముమ్మిడివరం)

ఊరి పెద్దని అల్కాలో అంటారు, ముందు ఆయన ఇంటికెళ్లి పలకరించాలి. బజారులో కోలా గింజలు (నమిలే చేదు గింజలు) దొరుకుతాయి, నాలుగైదు పట్టుకెళ్లి చేతిలో పెడితే సరిపోతుంది, డబ్బు ఇవ్వకండి. ఇంటివాళ్ల యోగక్షేమాలు, పిల్లలు, పశువులు, పంట అన్నీ అడుగుతారు, మీరూ తిరిగి అన్నీ అడగాలి. తొందరపడి విషయానికి వెళ్తే కోపం రాదు గానీ తక్కువవాడు అనుకుంటారు. పిల్లలకి చాక్లెట్లు పంచకండి, రేపొచ్చే యాత్రికుడి ప్రాణం తీస్తారు. బడి ఉంటే పలకలో పుస్తకాలో కొని హెడ్‌మాస్టరుకి ఇవ్వండి. కొబ్బరికాయలు పట్టుకెళ్లొచ్చా అని కూడా రాశారు మీరు. అక్కడా ఉన్నాయండి, బరువు దేనికి.